ముఖాల్లో విన్న ఈల

"బావా, సెల్లు అయిపోతోంది, మార్చెయ్!" కొలిమి అవతలి నుంచి కెమెరా బావగారు అరిచాడు.

సౌండాయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "చెల్లిని మార్చెయ్యాలా? అవేం మాటలు బావగారూ! అయినా మీ చెల్లి అయిపోవడమేమిటి? పొద్దున కూడా నా మీద ఫుల్ ఛార్జింగుతో అరిచింది!"

గాజు కార్ఖానా అంతా గొల్లుమంది. నలుగురు పనివాళ్ళూ గొట్టాలు గోడకానించి మరీ నవ్వారు. పొట్టి స్టూలు మీద కూర్చున్న పెద్ద మేస్త్రి పళ్ళు లేని నోటితో నవ్వితే, బుగ్గల్లో జీవితమంతా ఊదిన గాలి ఇంకా మిగిలే ఉందా అనిపించింది. సౌండాయన భార్య, అంటే కెమెరా బావగారికి సొంత చెల్లెలు, ఆ కార్ఖానా మీద తీస్తున్న సినిమాకి ఎడిటరూ నిర్మాతా ఖర్చుల లెక్కా అన్నీ తనే అయిన ఆవిడ, చేతిలోని క్లాప్ పలకని మొగుడి వైపు ఝళిపించింది.

"మార్చి చూడండి, స్పేర్ పార్టులు దొరకవు!"

మళ్ళీ నవ్వులు. అందరూ నవ్వుతున్నారు కాబట్టి సౌండాయనా నవ్వాడు. నవ్వుతూనే ఆ నవ్వు ఎందుకో వెతుక్కున్నాడు. బావగారి వేలు ఎటు చూపిస్తోంది? తన ఒళ్ళోని రికార్డరు వైపు. దాని తెర మీద సెల్లు బొమ్మ ఎర్రగా మెరిసి ఆరుతోంది. ఓహో! సెల్లు. చెల్లి కాదు, సెల్లు.

మెడ వెనక సన్నగా చెమట పట్టింది. కొలిమి వేడి అనుకుంటారులే.

ఈ మధ్య ఇలాగే గడుస్తోంది. ఊళ్ళో వీడియోలు తీసేవాళ్ళందరిలో సౌండాయనది పెద్ద నోరు. మాట దొరికితే మెలి తిప్పకుండా వదలడు. వైరు విషయంలో ఎవరితోనూ వైరం వద్దంటాడు, మైకు పట్టిన ప్రతివాడికీ మైకం తప్పదంటాడు. అలాంటి మనిషి ఒక మాటకి ఇంకో మాట అంటే చెవి తప్పిందని ఎవరనుకుంటారు? చమత్కారం చేశాడనుకుంటారు. సగం జోకులు తను వేసినవి, సగం చెవి వేసినవి. ఏవి ఎవరివో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు.

"సెల్లుల్ని నమ్మకూడదు బావగారూ, మాట మధ్యలో చస్తాయి," అంటూ రికార్డరు అడాప్టర్ తీసి, లైటు ప్లగ్గు పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డులోనే దాన్నీ గుచ్చాడు. తప్పేం లేదు. కొలిమి ఆ సాయంత్రం ఆరిపోతుంది. ఒకసారి చల్లారితే లోపల గాజు కరిగే మట్టి మూసలు పగిలిపోతాయి, మళ్ళీ వెలిగించడమంటూ ఉండదు. కార్ఖానా అమ్ముడైపోయింది. పెద్ద మేస్త్రి గొట్టం పట్టుకుని మాట్లాడే చివరి పూట ఇదే. మధ్యలో రికార్డరు ఆగితే ఏ దేవుణ్ణడిగినా టేకు టూ ఉండదు. గోడ కరెంటే మేలు. ఎవరైనా అదే చేస్తారు. చేశాక మాత్రం హెడ్‌ఫోన్లో ఒకసారి విని చూసుకుంటారు.

ఆయనా విన్నాడు. కొలిమి గుబగుబ వినిపించింది. మేస్త్రి గొంతు బొంగురుగా, నిండుగా వినిపించింది. రికార్డరు మీద శబ్దాన్ని కొలిచే పచ్చగీతలు లేచి పడుతూ చక్కగా ఆడుతున్నాయి. బొటనవేలు పైకెత్తి చూపించాడు.

బావగారు లైటు మీద గుండ్రటి పిడి తిప్పి వెలుగు సగానికి తగ్గించాడు, నిప్పు రంగు తెలియాలని. ఆ లైటు అతను కొత్తగా కొన్నది, బాగా చవకలో. ఆవిడ అప్పుడే గొణిగింది, "లైటుని మరీ లైటుగా తీసుకున్నావ్ అన్నయ్యా" అని. మొగుడి గాలి సోకింది మరి.

"చెప్పండి పెద్దాయనా," అందావిడ.

మేస్త్రి గొట్టం కొలిమిలో ముంచి, తేనె తీసినట్టు కరిగిన గాజుని చుట్టి బయటికి తీశాడు. వేళ్ళ మధ్య గొట్టాన్ని దొర్లిస్తూనే మాట్లాడాడు. "సెగని చూడకూడదమ్మా, చెంప మీద తెలుసుకోవాలి. శ్వాస సన్నగా వదలాలి. విసిరావనుకో, గాజు అలిగి సాగిపోతుంది." బుగ్గలు ఉబ్బాయి. గొట్టం చివర ఎర్రటి ముద్దలో చిన్న ఖాళీ పుట్టింది. "ఇదిగో, ఇది నా శ్వాస. బయటికి కనిపించేది గాజు. లోపలున్నది నేను."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. సౌండాయన పచ్చగీతల్నే చూస్తున్నాడు.

ఎడిటింగ్ గది అంటే పేరుకే గాని, వంటింటి పక్కన పాత మంచాలు పెట్టుకునే గది. మంచాలు పోయి కంప్యూటర్ వచ్చింది. గోడలకి దుప్పట్లు వేలాడదీశారు, శబ్దం గింగిరాలు తిరక్కుండా. ఆవిడ హెడ్‌ఫోన్ తగిలించుకుని మీట నొక్కింది. నొక్కిన మరుక్షణం దోమ కుట్టినట్టు దాన్ని పీకి పడేసింది.

"ఏమిటీ ఈల?"

బావగారు తీసి తన చెవులకి పెట్టుకున్నాడు. అతని కనుబొమలు ఒక్కసారిగా దగ్గరికొచ్చాయి. "అమ్మో! సూదిలా ఉందే. మొదట్నుంచీ ఉందా?"

"చివరిదాకా ఉంది. మాట మాట మీదా ఉంది."

ఇప్పుడు హెడ్‌ఫోన్ సౌండాయన దగ్గరికొచ్చింది. తగిలించుకున్నాడు. కొలిమి గుబగుబ. మేస్త్రి గొంతు. ఇంకేం లేదు. కళ్ళు మూసుకుని వెతికాడు. ఊపిరి బిగబట్టి వెతికాడు. ఆ ఈల ఎక్కడో పైన ఉంది, ఆయన చెవికి ఎక్కని మేడ మీద. ఆ మేడకి మెట్లు ఎప్పుడు విరిగిపోయాయో ఆయనకే తెలియదు. మొదట వంటింట్లో కూత కూసే కెటిల్ మూగబోయింది. తరవాత పక్కింటి పిచ్చుకలు. ఈ మధ్య జనం మాటల్లో అంచులు.

కళ్ళు తెరిచేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరూ తన ముఖం వంకే చూస్తున్నారు. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరు వంక చూసినట్టు.

"అవును," అన్నాడు. "ఈలే."

"ఎక్కణ్ణుంచి?"

ఏదో ఒకటి చెప్పాలి. లైటు అందామా? అది బావగారిది. ఎదురుగా కూర్చున్నాడు. చెవి అందామా? అది తనది. గదిలో లేనిది ఒక్కటే, కాలర్ మైకు అద్దెకిచ్చిన లెన్సమ్మ.

"మైకు," అన్నాడు. "అద్దె మైకు. లోపల ఏదో పోయినట్టుంది."

"అక్కడే తెలియలేదా మీకు?" ఆవిడ అడిగింది.

"కొలిమి హోరులో తెలుస్తుందేమిటే! అక్కడ నీ అరుపే వినబడదు, ఈలెంత!"

బావగారు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఈలను వడకట్టే పనిలో పడింది. మౌసుతో ఒక గీతని కిందికి లాగింది. విని తల అడ్డంగా ఊపింది. ఇంకొంచెం లాగింది.

"ఈల పోతోంది గానీ, దాంతోపాటు 'స'లూ 'శ'లూ పోతున్నాయి. పెద్దాయన 'సెగ' అన్న చోట 'ఎగ' అంటున్నట్టుంది. 'శ్వాస' అయితే తడిగుడ్డ విదిలించినట్టుంది. వినండి." హెడ్‌ఫోన్ మళ్ళీ మొగుడికిచ్చింది. "ఇది వడకట్టనిది... ఇది వడకట్టింది. ఏది నయం?"

సౌండాయన రెండూ విన్నాడు. రెండూ ఒకటే. రెండింటిలోనూ మేస్త్రి గొంతు తనకి రోజూ వినబడే ప్రపంచంలాగే ఉంది, నిండుగా, గుండ్రంగా, అంచుల్లేకుండా.

"రెండోది నయం. శుభ్రంగా ఉంది. ఏమీ పోలేదు."

ఆవిడ వేలు మౌసు మీదే ఆగిపోయింది. మొగుణ్ణి చూసింది. అడగబోయి, అన్నయ్య ఉన్నాడని కాబోలు, ఆగింది.

"పోలేదా!" అని బావగారే అన్నాడు. "బావా, పెద్దాయన ముక్కుదిబ్బడతో మాట్లాడుతున్నట్టుంది!" ఆ కోపమంతా ఫోను మీద చూపించాడు. వీడియోవాళ్ళ గ్రూపులో టకటకా రాసేశాడు. లెన్సమ్మ దగ్గర మైకులు తీసుకునేవాళ్ళు జాగ్రత్త, మా చివరి షూటింగు నాశనమైంది, మా సౌండాయనే విని తేల్చాడు.

"ఆ చివరి ముక్క ఎందుకు బావగారూ?" అన్నాడు సౌండాయన.

"అదే కదా అసలు ముక్క! నీ చెవంటే ఊళ్ళో కోర్టు తీర్పు. నేనంటే ఎవడు నమ్ముతాడు?"

నమ్మారు. అందరూ నమ్మారు. పొద్దున్న లేచి చూసేసరికి బొటనవేళ్ళూ, దండాలూ, అయ్యో అనే మొహాలూ వరసగా ఉన్నాయి. ఒకతను తను మాట్లాడుకున్న మైకులు వద్దనుకుంటున్నట్టు రాశాడు. ఇంకొకతను లెన్సులు కూడా వేరే చోట చూసుకుంటానన్నాడు. మైకుకీ లెన్సుకీ సంబంధమేమిటో అతనికే తెలియాలి. సౌండాయన ఫోను పక్కన పెట్టాడు. మళ్ళీ తీశాడు. మైకు అని చెప్పినది పొరపాటు కావచ్చు అని సగం రాశాడు. చెరిపేశాడు. కావచ్చు అంటే, ఎలా తెలిసిందంటారు. వినలేదా అంటారు.

వినలేని సౌండాయన. వండలేని వంటవాడంటే కనీసం హోటలు పెట్టుకుంటాడు.

ఆవిడ వంటింట్లోంచి విసవిసా వచ్చి స్టవ్ కట్టేసింది. కెటిల్ మూతి నుంచి ఆవిరి జెట్టులా కొడుతోంది. ఆయన దాని పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఎంతసేపట్నుంచి కూస్తోందండీ అది!"

"కూయనీ. దానికి మాత్రం మొగుడున్నాడా, పెళ్ళామున్నదా, కూయడం తప్ప పనేముంది," అన్నాడు. జోకు బాగోలేదని ఆయనకే తెలిసింది. ఆవిడ కెటిల్ని చూసింది, ఆయన్ని చూసింది. రెండు కప్పులు తీసి బల్ల మీద చప్పుడు లేకుండా పెట్టింది.

అప్పుడే ఫోను మోగింది. లెన్సమ్మ. ఆమె ఫోనులో ఎప్పుడూ అరుస్తూ మాట్లాడుతుంది కాబట్టి ప్రతి మాటా వినబడింది. "నా మైకులో తప్పుంటే పారేస్తాను, బాధ లేదు. కానీ చూడకుండా పారెయ్యను. ఆ రోజు వాడిన సామానంతా తీసుకుని రండి. ఆ రోజు అక్కడున్న వాళ్ళంతా రండి. పెద్ద మేస్త్రి గారిక్కూడా చెప్పాను. మీరే పరీక్ష చెయ్యండి. నాకు ఈ పని నేర్పింది మీరే కదా!"

అదీ నిజమే. ఒక్కసారికి ఒక్కటే మార్చు, రెండు మారిస్తే దొంగ ఆ రెండిటి మధ్యనుంచి జారుకుంటాడు అని ఆ కొట్లో బల్ల మీద గుద్ది మరీ నేర్పింది ఆయనే.

లెన్సమ్మ కొట్టు ఇరుకు మెట్లెక్కితే పైన ఉంటుంది. అద్దాల బీరువాల నిండా లెన్సులు, ఒక్కోటీ ఒక్కో గుడ్డ సంచిలో. లెన్సులు అద్దెకిచ్చే మనిషికి ముఖం మీదే రెండు దళసరి లెన్సులు. వాటిని ముక్కు మీదికి తోసుకుంటూ బల్ల మీద అన్నీ వరసగా పేర్చింది. మైకు, వైరు, రికార్డరు, అడాప్టర్, బోర్డు, లైటు. వచ్చిన వాళ్ళని కూర్చోమంది గానీ మంచినీళ్ళు ఇవ్వడం మర్చిపోయింది. ఎప్పుడూ మర్చిపోదు.

పెద్ద మేస్త్రి కుర్చీ అంచున కూర్చున్నాడు. చేతులు ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలియక, వేళ్ళ మధ్య లేని గొట్టాన్ని దొర్లిస్తున్నాడు.

"ఒకరు విని ఇంకొకరికి చెప్పడం వద్దు," అంది లెన్సమ్మ. ఒక చిన్న డబ్బా తీసింది. రికార్డరులోంచి వచ్చే శబ్దాన్ని అందరికీ పంచే డబ్బా. దానికి తలా ఒక హెడ్‌ఫోన్ తగిలించింది. "అందరం ఒకటే విందాం."

అందరూ చెవులు మూసుకుని ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. కాలర్ మైకు సౌండాయన చొక్కాకే తగిలించారు. ఆయన మాట్లాడితే అందరికీ చెవిలోనే వినబడుతుంది.

"ముందు... అంతా ఆ రోజు ఉన్నట్టే," అన్నాడాయన. ప్లగ్గులు గుచ్చి లైటు వేశాడు. పిడిని సగానికి తిప్పాడు.

వాళ్ళ ముఖాలు ముడుచుకున్నాయి. భార్య కంటి పక్కన ఒక నరం ఎగిరింది. బావగారి పెదవి వంకర పోయింది. లెన్సమ్మ కళ్ళజోడు వెనక కళ్ళు చిన్నవయ్యాయి. మేస్త్రి మాత్రం తల పక్కకి వంచి, ఎక్కణ్ణుంచో ఎవరో పిలుస్తున్నట్టు చూశాడు.

సౌండాయనకి తన ఊపిరే వినబడుతోంది.

మైకు మార్చాడు. కొత్తది పెట్టి వాళ్ళ ముఖాలు చూశాడు. మారలేదు. పాత మైకు మళ్ళీ పెట్టి, వైరు మార్చాడు. ముఖాలు మారలేదు. వైరు వెనక్కి పెట్టి, అడాప్టర్ పీకి, రికార్డరులో కొత్త సెల్లులు వేశాడు. ముఖాలు విప్పారాయి. మళ్ళీ అడాప్టర్ పెట్టాడు. ముడుచుకున్నాయి. ఇప్పుడు అడాప్టర్ని ఉంచి, లైటు పిడి పట్టుకున్నాడు. బల్లని చూడలేదు, పచ్చగీతల్ని చూడలేదు. భార్య కనుబొమల్నే చూస్తూ మెల్లగా తిప్పాడు. పూర్తి వెలుగుకి వెళ్ళేసరికి ఆ కనుబొమలు విడిపోయాయి. సగానికి తగ్గించాడు. దగ్గరికొచ్చాయి. పెంచాడు. విడిపోయాయి. ఆవిడ ముఖం మీద ఆ ఈలని ఆయన అక్షరం అక్షరం చదివాడు.

"లైటు," అన్నాడు. "వెలుగు తగ్గిస్తే ఇది కరెంటులోకి కీచుమంటోంది. అదే బోర్డులో రికార్డరు కూడా ఉంది కాబట్టి దాంట్లోకి దిగింది. మైకు తప్పేమీ లేదు. లెన్సమ్మ గారి సామాను బంగారం."

బావగారు చప్పట్లు కొట్టాడు. "అదీ! ఏం చెవి బావా నీది! కళ్ళు మూసి తెరిచేలోగా పట్టేశావు!" అంతలోనే అతనికి తట్టింది, ఆ లైటు ఎవరిదో. చప్పట్లు చేతుల్లోనే ఆగిపోయాయి. "అంటే... నాశనం చేసింది నేనన్నమాట."

అతను లైటు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, తప్పు చేసిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకున్నట్టు. "చవగ్గా వచ్చిందని కొన్నాను పెద్దాయనా."

లెన్సమ్మ కళ్ళజోడు తీసి తుడిచింది. "లైటు కీచుమంది సరే. లైట్లు అన్నీ ఏదో ఒక రోజు కీచుమంటాయి. నాకు ఒక్కటే తెలియాలి." కళ్ళజోడు పెట్టుకుని సౌండాయన వైపు తిరిగింది. "ఆ రోజు హెడ్‌ఫోన్ ఎవరు పెట్టుకున్నారు?"

ఇది ఈజీ ప్రశ్న. కొలిమి హోరు అనొచ్చు. బావగారు నమ్మాడు, మిగతావాళ్ళూ నమ్ముతారు. ఒక జోకు పడేస్తే నవ్వేస్తారు కూడా. ఆయన నోరు తెరిచాడు. మాటలు మెలికలు తిరిగి, అలవాటుగా తయారుగా ఉన్నాయి నాలిక మీద. భార్య ఆయన్నే చూస్తోంది. ఆవిడ చూపులో ప్రశ్న లేదు. కెటిల్ దగ్గరే జవాబు తెలిసిపోయిన చూపు.

"నేనే," అన్నాడు. "నాకు వినబడలేదు."

"హోరులోనా?" అన్నాడు బావగారు ఆశగా.

"ఇప్పుడు కూడా వినబడలేదు బావగారూ. ఇక్కడ హోరేదీ? మీ ముఖాలు చూసి పట్టుకున్నాను. మీ లైటు ఈల వేసింది, నిజమే. పట్టుకోవాల్సిన దొంగని వదిలేసింది నేను. లెన్సమ్మ గారి మీదికి తోసిందీ నేనే. సన్నటి శబ్దాలు నాకు పోయాయి. ఎప్పుడో పోయాయి." కాలర్ మైకు ఆ మాటల్ని అందరి చెవుల్లోకీ దగ్గరగా, ఇష్టం లేకపోయినా తప్పించుకోలేనంత దగ్గరగా మోసుకెళ్ళింది. "కంటికి చూపు తగ్గితే కళ్ళజోడు పెట్టుకుని దర్జాగా తిరుగుతాం. చెవులజోడు అనే మాటే లేదు చూశారా మనకి. అందుకని నోరు పెట్టుకుని తిరిగాను."

లెన్సమ్మ చెయ్యి తన కళ్ళజోడు మీదికి వెళ్ళి ఆగింది. తిట్టడానికి సిద్ధపడ్డ మనిషికి ఇప్పుడు ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "గ్రూపులో ఇదంతా చెప్తారా?" అంది చివరికి.

"చెప్తాను. నా పేరుతో."

"నా సామాను వద్దని పోయినవాళ్ళు వస్తారో రారో."

"రాకపోవచ్చు," అన్నాడు. దానికి ఆయన దగ్గర ఏ పరికరమూ లేదు.

పెద్ద మేస్త్రి మెల్లగా హెడ్‌ఫోన్ తీశాడు. "అయితే నేను చెప్పింది పోయినట్టేనామ్మా?"

"పోలేదు పెద్దాయనా," అంది ఆవిడ. "ఈల ఉంది. ఈల తీస్తే మీ మాట చెడుతోంది."

"మళ్ళీ చెప్పమంటే చెప్తాను." ఆయన తన ఖాళీ చేతుల్ని తిప్పి చూసుకున్నాడు. "కానీ గొట్టం లేకుండా నాకు మాట రాదు. కొలిమి మూసలు నిన్ననే పగిలాయి."

"ఈల ఉండనిద్దాం," అందావిడ. "తీస్తే శ్వాస పోతుంది."

సౌండాయన ఆవిడ పెదవుల వైపే చూస్తున్నాడు. "ఆఁ?" అన్నాడు.

గదిలో అందరూ అలవాటుగా ఆగారు. ఆయన ఆఁ అన్నాక ఎప్పుడూ ఒక మెలిక వస్తుంది. బావగారి ముఖం నవ్వడానికి సిద్ధంగా ఉంది కూడా. మెలిక రాలేదు. ఆవిడ లేచి వచ్చి, ఆయన చొక్కాకున్న మైకు మీదికి వంగి, మళ్ళీ చెప్పింది. "శ్వాస. పెద్దాయన శ్వాస పోతుంది అన్నాను."

"ఉండనీ అయితే," అన్నాడాయన.

బావగారు ఒళ్ళోని లైటుని అటూ ఇటూ తిప్పుతూ, ఏదో లెక్క సరిపోనట్టు తల గోక్కున్నాడు. "బావా, మరి ఆ రోజు కొలిమి దగ్గర... చెల్లిని మార్చడమేమిటన్నావే, అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం... అది..."

"మీరు సెల్లు మార్చమన్నారు," అన్నాడు సౌండాయన. "నాకు నిజంగానే చెల్లిని మార్చమన్నట్టు వినబడింది. మొన్న టైలరు దగ్గర వేసిన జోకూ అంతే, పోయిన నెల పెళ్ళి షూటింగులో వేసిందీ అంతే. అవి జోకులు కావు బావగారూ. వినబడింది వినబడినట్టు చెప్పాను. మీరు నవ్వారు."

ఆ తరవాత ఎవరూ ఏమీ అనలేదు. ఆ సంగతి ఆయన వినలేదు. బల్ల మీద రికార్డరులో పచ్చగీతలన్నీ ఒక్కొక్కటే కిందికి దిగి, అడుగున కదలకుండా ఉండిపోవడం చూసి తెలుసుకున్నాడు.